మాట్లాడలేని పిల్లాడిని మైకు ముందుకు పిలిస్తే ఎట్లా సార్? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక ఊరు. నలుగురి ముందు మాట్లాడాలంటే భయపడే జబ్బున్న మా తమ్ముడి విషయం మీద సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టాను, రసీదు ఇచ్చారు, కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో మాత్రం అందులో లేదు. పోయి అడిగితే సంబంధిత ఆఫీసుకు పంపాం, వాళ్లనే అడగమన్నారు. వాళ్లేమో ఇది కాలేజీ విషయం, చదువుల శాఖ వాళ్లది అన్నారు. అక్కడికి పోతే, పిల్లాడికి బాగలేకపోతే దవాఖానకు తీసుకపోవాలి గానీ మా దగ్గరికెందుకొచ్చావమ్మా అన్నారు. మళ్లీ అర్జీ పెట్టాను. మళ్లీ అదే మెసేజ్. ఇక ఇట్లా అందరి ముందు రాయక తప్పలేదు, ఏమీ అనుకోవద్దు.

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. వాడికి సోషల్ యాంగ్జైటీ. అదేంటో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ శాఖ ఫ్లెక్సీల మీదే ఉంటుంది. మా ఇంట్లో అది ఎట్లా ఉంటుందో మాత్రం చెప్తా. అటెండెన్స్ పిలుస్తుంటే తన నెంబర్‌కు పది నెంబర్ల ముందే గొంతు ఎండిపోతుంది, తీరా నెంబర్ వచ్చేసరికి ప్రెజెంట్ సార్ అన్న రెండు ముక్కలు బయటికి రావు, ఆబ్సెంట్ పడుతుంది, మనిషేమో బెంచీ మీదే కూర్చుని ఉంటాడు. బస్సులో మా స్టేజీ దగ్గర ఆపమని కండక్టర్‌తో అనలేడు. ఎవరైనా దిగితే వాళ్ల వెనకాల దిగుతాడు. ఎవరూ దిగని రోజు బస్సు ముందుకు పోతుంది, తర్వాతి స్టేజీలో దిగి ఎండలో నడుచుకుంటూ వెనక్కి వస్తాడు. ఎందుకు లేటయిందిరా అంటే క్లాసు లేటు అంటాడు. ఈ సంగతి మాకు చాలా రోజులు తెలియనే తెలియదు, మా పక్క చేను పెద్దాయన ఒకసారి నవ్వుకుంటూ, మీవాడు వాకింగ్ మొదలుపెట్టాడా ఏంది బిడ్డా అని అడిగితే బయటపడింది.

చదువు రాదా అంటే వస్తుంది సార్. రాసే పరీక్షల్లో వాడికి ఢోకా లేదు. కానీ 2023-24 నుంచి ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు కూడా ప్రాక్టికల్స్ పెట్టారు, 20 మార్కులు, లేచి నిలబడి మాట్లాడాలి. పిల్లలకు మాట్లాడటం రావాలన్న ఉద్దేశం మంచిదే, ఎవరు కాదంటారు? కాకపోతే మాట్లాడలేకపోవడమే జబ్బయిన పిల్లాడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పోయినేడు ప్రాక్టికల్స్‌కు వారం ముందు నుంచి వాడు అన్నం ముట్టలేదు. పొద్దున లేస్తే వాంతులు. అమ్మ దిష్టి తీసింది, నాన్న తాయెత్తు కట్టించాడు. వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు, తెలిసిన మీరు ఏం చేశారన్నదే నా ప్రశ్న.

చేశారు లెండి. అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం అని కాలేజీలో అవగాహన సదస్సు పెట్టారు. షామియానా, ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అన్నీ ఉన్నాయి. ధైర్యంగా ఉండాలి, ఒత్తిడిని జయించాలి అని చాలాసేపు చెప్పారు. చివర్లో ఒక సారు మైకు తీసుకుని, మీలో నలుగురిలో మాట్లాడాలంటే భయం ఉన్నవాళ్లు చేతులెత్తండి, స్టేజీ మీదికి రండి, ఆ భయం ఇప్పుడే పోగొడదాం అన్నారట. కాలేజీ మొత్తం కూర్చుని ఉంది. ఎవరు లేస్తారు సార్? ఒక్క చెయ్యీ లేవలేదు. అయితే మీ కాలేజీలో ఎవరికీ ఈ సమస్య లేదన్నమాట, చాలా సంతోషం అని చప్పట్లు కొట్టించారట. తెల్లారి పేపర్లో ఫోటో కూడా వచ్చింది. మా తమ్ముడు అందులో చివరి వరుసలో తల దించుకుని ఉన్నాడు, నేను పట్టి పట్టి చూస్తే గానీ కనిపించలేదు.

14416 ఉంది కదా అంటారు. టెలీ మానస్, మానసిక బాధ ఉన్నవాళ్లు ఫోన్ చేసి చెప్పుకునే సర్కారు నెంబర్. 2022లో సరిగ్గా అదే అక్టోబర్ 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. దాన్ని నేను తప్పు పట్టను, రాత్రిపూట ఎవరూ తోడులేని పిల్లలకు అది ఉండాల్సిందే. కానీ మా తమ్ముడు ఫోనే ఎత్తడు సార్. మేనమామ చేసినా మోగి మోగి ఆగిపోవాల్సిందే. తెలియని మనిషికి తానే ఫోన్ చేసి, నాకు మనుషులంటే భయం అని చెప్పుకోవాలట! నెంబర్ నొక్కి ఫోన్ మోగకముందే కట్ చేయడం నేను కళ్లారా చూశాను. చివరికి నేనే చేశాను. అవతల అమ్మాయి ఎంతో ఓపిగ్గా విన్నది, మంచిగా మాట్లాడింది, చివరకు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి అన్నది.

తీసుకపోయాం. ఏ దవాఖానో రాయను, అక్కడి వాళ్ల మీద నాకు కోపం లేదు. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గరే మొదలైంది. ఏం బాధ అని అడిగితే నేను మెల్లగా చెప్పాను, ఆయన మా వెనక ఉన్న లైనుకంతా వినపడేలా, ఆ మెంటల్ డాక్టర్ గదికి పోండి అన్నాడు. ఆ గదిలో ఒకే టేబుల్, స్టూల్ మీద ఒక పేషెంటు, వాళ్ల చుట్టూ నిలబడి తర్వాతి ముగ్గురు నలుగురు, తలుపు దగ్గర ఇంకో గుంపు. మా వంతు వచ్చింది. ఏంటి ప్రాబ్లం అన్నారు డాక్టర్. నేను నోరు తెరిస్తే, నువ్వాగమ్మా, బాబును చెప్పనీ అన్నారు. ఆయన అడిగింది సరైనదే. కానీ మా వెనక ఒక పెద్దమనిషి ఇంత దగ్గరగా వంగి వింటున్నాడు. మా వాడి చెవులు ఎర్రబడ్డాయి, చేతిలో ఓపీ చీటీని మడత మీద మడత పెడుతూనే ఉన్నాడు, అగ్గిపుల్లంత సైజుకు వచ్చింది, చెమటకు తడిసి మందుల కౌంటర్ దగ్గర విప్పితే ఇంకు అంతా పాకిపోయి ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. నెలకు సరిపడా గోళీలు రాసిచ్చారు. సైకాలజిస్టు ఎవరూ లేరా అని అడిగితే పోస్టు ఉందట, మనిషి లేరట.

గోళీలు వద్దని నేననట్లేదు, అవసరమైన వాళ్లకు అవి కావాలి. కానీ ఫోన్లో చదివితే నాకే తెలిసింది, బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2013లోనే ఈ జబ్బుకు మార్గదర్శకాలు ఇచ్చింది, పెద్దవాళ్లకైనా ముందు ఈ జబ్బు కోసమే తయారుచేసిన సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (గోళీలతో కాకుండా మాటలతో, చిన్న చిన్న పనులు చేయించి భయం తగ్గించే వైద్యం) ఇవ్వాలి, పిల్లలకైతే మందులు మామూలుగా రాయకూడదు, 8 నుంచి 12 సిట్టింగులు థెరపీ చేయాలి అని. ఇది అందని పండేం కాదు కదా, పన్నెండు సిట్టింగులు! ఒక్కో సిట్టింగు ముప్పావు గంట. ఒక తలుపు వేసిన గది, రెండు కుర్చీలు, శిక్షణ పొందిన ఒక మనిషి. మిషన్లు అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు.

అది పనిచేస్తుందా అంటారేమో. అప్పు చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సైకాలజిస్టు దగ్గరికి కొన్నాళ్లు తిప్పాం సార్. ఆమె మొదట వాడిని మాట్లాడమనలేదు, రాయమంది. నువ్వు షాపులో ఏదైనా ధర అడిగితే ఏమవుతుంది అంటే, షాపాయన నవ్వుతాడు, అందరూ నన్నే చూస్తారు అని రాశాడు. ఎంత గట్టిగా నమ్ముతున్నావు అంటే వందకు తొంభై వేశాడు. అప్పుడు కిందికి తీసుకపోయి కిరాణా కొట్లో కొనే పనిలేని ఒక సబ్బు ధర అడిగించింది. ఆయన తల కూడా ఎత్తకుండా, ముప్పై రూపాయలు అన్నాడు, అంతే. పైకి వచ్చాక మళ్లీ అంకె వేయమంటే నలభై వేశాడు. ఇంటికి వస్తుంటే బస్సులో, అక్కా ఆయన నా మొహం కూడా చూడలేదే అని ఆశ్చర్యంగా అన్నాడు. తర్వాత చిన్నదాని మీద పెద్దది, ఒక్కో మెట్టు. ఒకరోజు మా స్టేజీ దగ్గర ఆపమని కండక్టర్‌కు వాడే చెప్పాడు! ఇంకొన్ని వారాలు పోగలిగితే ఎట్లా ఉండేదో. ఫీజు, చార్జీలు, నాతోపాటు అమ్మ కూడా కూలి పోగొట్టుకోవడం, మా వల్ల కాలేదు, మానేశాం. మానేసిన రెండు నెలల్లో వాడు మళ్లీ తర్వాతి స్టేజీలో దిగడం మొదలుపెట్టాడు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది కదా అని ఒక ఆఫీసర్ సలహా ఇచ్చారు. ఉంది. మాల్ మీదుగా, ఇబ్రహీంపట్నం మీదుగా ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో, రాను పోను ఒక రోజంతా. ఏడాదికోసారి చూపించుకునే జబ్బుకైతే సరే, వారం వారం పోవాల్సిన దానికి కాలేజీ ఎగ్గొట్టి పొమ్మంటారా? అటెండెన్స్ అసలే అంతంత మాత్రం, కారణం పైన చెప్పాను.

ఇక సుప్రీంకోర్టు మాట. 2025 జూలై 25న, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో, వంద మంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో సైకాలజిస్టో కనీసం ఒకరైనా ఉండాలంది. మా తమ్ముడి కాలేజీలో కౌన్సిలర్ ఉన్నారు. జువాలజీ సార్. ఆయనకే అదనపు డ్యూటీ వేశారు. ప్రాక్టికల్స్‌లో వైవా అడిగేదీ ఆయనే, భయమేస్తే వచ్చి చెప్పుకోవాల్సిందీ ఆయనకే. పాపం ఆ సార్ మంచివారు, నాకేం తెలుసమ్మా ఇదంతా, ఒకరోజు ట్రైనింగ్ ఇచ్చి పంపారు అని ఆయనే అన్నారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఉంది, 18వ సెక్షన్. ప్రతి ఒక్కరికీ సర్కారు ఖర్చుతో మానసిక వైద్యం హక్కు అని ఉంది, ప్రభుత్వ సేవ జిల్లాలో లేకపోతే ఆ జిల్లాలోనే ఇంకోచోట చేయించుకున్న ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలని ఉంది. మాకు జిల్లాలో ఆ ఇంకోచోటు కూడా దొరకలేదు. మరి హైదరాబాద్ ఖర్చు ఎవరిస్తారు, ఏ కిటికీ దగ్గర అడగాలి?

మా జిల్లాకు ఫ్లోరైడ్ నీళ్ల గోస తెలుసు సార్. మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్లను చూపించి చూపించి, ఢిల్లీ దాకా మోసుకపోయి చూపించి, ఎన్నో ఏళ్లకు నీళ్లు తెచ్చుకున్నాం. మా వాడి దగ్గర చూపించడానికి ఏమీ లేదు. చూపించడమే వాడికి చేతకాదు. అందుకే వాడి తరఫున నేను అరుస్తున్నా.

అడిగేది పెద్దదేం కాదు. దేవరకొండలాంటి చోట వారంలో ఒక్కరోజు, నిజంగా చదువుకున్న క్లినికల్ సైకాలజిస్టును కూర్చోబెట్టండి. తలుపున్న గదిలో. పేరు పిలవకుండా టోకెన్ నెంబర్ చాలు. ప్రతిసారీ అదే మనిషి ఉండాలి, నెలకొకరు మారితే వాడు మళ్లీ మొదటినుంచి నోరు మూసుకుంటాడు. కాలేజీలో ఏ పిల్లాడైనా చీటీ మీద రాసి ఇచ్చినా తీసుకోండి. సైకాలజిస్టు పోస్టు ఎందుకు ఖాళీగా ఉందో, ఎప్పుడు నింపుతారో ఒక తేదీ చెప్పండి. చదువుల శాఖతో మీరు మాట్లాడండి, మేం మాట్లాడితే ఏమైందో పైన రాశాను. ఇలాంటి పిల్లలకు ఇంగ్లిష్ ప్రాక్టికల్ ఒక్క సారు ముందు, గదిలో ఎవరూ లేకుండా పెడితే ఎవరికేం నష్టం? సదస్సులు పెట్టుకోండి, వద్దనను, చేతులెత్తమని మాత్రం అడగొద్దు.

ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి. వాడు ఇప్పటినుంచే రాత్రిళ్లు పడుకోవట్లేదు. ఈ లెటర్‌కైనా జవాబు ఇప్పించండి సార్, పరిష్కరించబడినది అన్న మెసేజ్ మాత్రం దయచేసి ఇంకోసారి పంపొద్దు, అవి నా దగ్గర చాలానే ఉన్నాయి.

ఇట్లు,
ఒక అక్క,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా