ఈసారి దుబ్బులు హస్త కార్తెలోనే విడదీస్తున్నాం

మా నర్సరీలో మొక్కలు కొనే అమ్మలకు, అన్నలకు నమస్కారం.

సెప్టెంబర్ 28 నుంచి అక్టోబర్ 4 దాకా వారం రోజులు మొక్కల అమ్మకం ఆపేస్తున్నాం. కుండీలు, ఎరువు, మట్టి కావాల్సిన వాళ్ళు రావచ్చు. ఆ వారమంతా మడుల్లో గుబురెక్కిపోయిన దుబ్బులు తవ్వి, విడదీసి, వేరే చోట నాటే పని ఉంది. ఎందుకింత పట్టుదలగా చేస్తున్నామో చెప్పాలంటే నిరుడు నవంబర్‌లో జరిగింది చెప్పాలి.

దీపావళి వెళ్ళాక మెట్టతామర, హెలికోనియా అనే దుంప పూల మొక్కలు కావాలని చాలామంది వచ్చారు. కవర్లలో ఉన్న మొక్కలు అయిపోయాయి. మడుల్లో మాత్రం బోలెడు ఉన్నాయి. వానలకు నేల మెత్తబడింది, తవ్వడం సులువు అనుకున్నాను. మా దగ్గర పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న పెద్దమ్మ గడ్డపార పక్కన పెట్టి, "బురదలో కోసిన దుంప నిలవదమ్మా, నాలుగు రోజులు ఎండ చూసి తీద్దాం" అంది. నేను వినలేదు. తవ్వి, కోసి, ఆ రోజే కవర్లలో పెట్టి మర్నాడు అమ్మేశాను.

రెండు వారాలకు ఫోన్లు మొదలయ్యాయి. కోవూరు నుంచి ఒక అక్క మొక్క వాలిపోయిందంటే, నీళ్ళు ఎక్కువ పోశారేమో అన్నాను. "రోజూ వాన పడుతుంటే నేనెందుకు పోస్తానమ్మా" అందామె. ఆ సాయంత్రం మా దగ్గర మిగిలిన కవర్లు విప్పి చూశాను. దుంపలు వేలితో నొక్కితే మెత్తగా దిగబడుతున్నాయి, కుళ్ళు వాసన కొడుతోంది. తప్పు నాది, మాట పడింది ఆమె. మర్నాడే ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. మిగతా అందరి నంబర్లు నా దగ్గర లేవు. అందుకే ఇక్కడ చెబుతున్నాను: నిరుడు నవంబర్, డిసెంబర్‌లలో మా దగ్గర తీసుకున్న దుంప మొక్కలు చచ్చిపోయి ఉంటే బిల్లు లేకపోయినా రండి. నవంబర్‌లో వేరు పట్టిన మొక్క ఇస్తాం, డబ్బు వద్దు.

మన నెల్లూరు వాతావరణం వేరు. పైజిల్లాల్లో జూన్, జూలైలో పడే వానల్ని నమ్ముకుని చేసే పనులు మనకు సరిగ్గా కుదరవు. మనకు అసలు వానలు అక్టోబర్ నడుమ మొదలై డిసెంబర్ దాకా పడతాయి. ఆగస్టులో తవ్వితే ఎండకు మాడిపోతుంది. నవంబర్‌లో తవ్వితే నిరుడు నాకు జరిగినట్టే అవుతుంది. సెప్టెంబర్ చివర హస్త కార్తె వచ్చేసరికి ఎండ కొంచెం తగ్గుతుంది, నేలలో పదును ఉంటుంది. అప్పుడు నాటితే పెద్ద వానలు పడేలోపు కొత్త వేళ్ళు దిగడానికి రెండు మూడు వారాలు దొరుకుతుంది.

దుబ్బులు ఇలా విడదీసి పల్చన చేయడం ఎందుకు ముఖ్యమో 2021 నవంబర్‌లో చూశాను. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట దెబ్బతిన్న రోజులవి. మా మడుల్లో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. మూడేళ్ళుగా కదపని హెలికోనియా మడిలో గాలి ఆడక, నీళ్ళు ఇంకక నడుమ దుంపలన్నీ కుళ్ళాయి. అంతకు ముందు నెల పల్చన చేసిన పక్క మడి చాలావరకు నిలబడింది.

మీ ఇంట్లో దుబ్బు ముదిరిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నడుమ బోడిగా అయిపోయి, పూలు అంచుల్లోనే వస్తుంటే దాని టైం అయినట్టే. స్నేక్ ప్లాంట్ అయితే కుండీనే పగలగొడుతుంది. తవ్వే ముందు రోజు నీళ్ళు పెట్టండి. దుబ్బుకు జానెడు దూరంలో గడ్డపార దించి చుట్టూ కదిలించి మొత్తం పైకి లేపండి, మొదలు పట్టుకుని పీకొద్దు. మెట్టతామర దుంపను రెండు మూడు కన్నులు (మొలక వచ్చే చోట్లు) ఉండేలా ముక్కలు చేయండి. హెలికోనియాను రెండు కాడలకు తగ్గకుండా విడదీసి, కాడల్ని అడుగు ఎత్తుకు కోసేయండి. అంత ఆకును పోషించే వేళ్ళు అప్పుడు దానికి ఉండవు. నడుమ ఉన్న ముసలి దుంపలు పారేయండి, అంచుల్లోవే బలమైనవి. కోసిన ముక్కల్ని ఒకటి రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. నేను నిరుడు వదిలేసిన పని ఇదే. లీటరు నీళ్ళకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (కుళ్ళు రాకుండా వాడే మందు) కలిపి అందులో ముంచి ఆరబెడితే ఇంకా మంచిది. మెట్టతామర మూడు నాలుగు అంగుళాల లోతున, ఒక్కోదానికి అడుగున్నర ఎడంగా నాటండి. రేగడి నేలైతే గట్టు పోసి దాని మీద నాటండి, పాదు గుంట చేయొద్దు.

అన్నీ ఇప్పుడే కదపకూడదు. చామంతి మొగ్గకు సిద్ధమవుతోంది, దాని జోలికి వెళ్ళొద్దు. పూలయ్యాక పిలకలు తీసుకోవచ్చు. నేలసంపెంగ దుంపలు వానల్లో తీస్తే కుళ్ళుతాయి, ఆకు పండిపోయే రోజుల దాకా ఆగండి. మల్లెకు చలికాలంలో కత్తిరింపు ఉంటుంది. బర్డ్ ఆఫ్ ప్యారడైజ్‌ను విడదీస్తే రెండు మూడేళ్ళు పూయకుండా కూర్చుంటుంది కాబట్టి, బాగా పూస్తుంటే అలాగే ఉంచండి.

ఇప్పుడు విడదీసినవేవీ నవంబర్ మొదటి వారం దాకా అమ్మం. కవరు అడుగున కొత్త వేళ్ళు కనిపించాకే బయటికి వస్తాయి. నెల రోజులు షేడ్ నెట్ కింద ఉంచాలి, మనిషి కూలీ ఉంటుంది, కాబట్టి పోయినేడు 50 రూపాయలకు ఇచ్చిన మెట్టతామర కవరు ఈసారి 70. పెంచడం నాకు ఇష్టం లేదు, కానీ చచ్చే మొక్కను 50కి ఇవ్వడం అంతకంటే ఇష్టం లేదు. మంచి పిలకలు తీశాక మిగిలే చిన్న దుంపల్ని అక్టోబర్ 5 ఉదయం గేటు దగ్గర గోనెసంచిలో పెడతాం. ఓపికగా పెంచుకునే వాళ్ళు ఉచితంగా తీసుకెళ్ళండి. పిల్లలతో తోట వేయించే స్కూలు టీచర్లు ముందే చెబితే పక్కన తీసి పెడతాను.

ఇంటికొచ్చి దుబ్బులు విడదీసి ఇవ్వమని కొందరు అడిగారు. అక్టోబర్ రెండో వారంలో పెద్దమ్మ, నేను నెల్లూరు టౌన్, కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వరకు రాగలం, పూటకు 600. వాన పట్టుకుంటే మాత్రం ఆ రోజు రాం, డిసెంబర్ చివర్లో వస్తాం.