కొండ ఊరి సినిమా పండుగలో ఆ ఊరివాళ్లకూ సీటు ఉండాలి

సంపాదకుడు గారికి,

ఒక చిన్న కొండ ఊళ్లో ఇకపై ఏటా ఫిలిం ఫెస్టివల్ జరుపుతారన్న వార్త మీ పత్రికలో చదివి నిజంగా సంతోషించాను. మల్టీప్లెక్సుల్లో వారం కూడా నిలవని సినిమాలు, అసలు థియేటర్ దాకా రాని డాక్యుమెంటరీలు అలాంటి చోట పెద్ద తెర మీద ఆడతాయి. తీసినవాళ్లూ చూసినవాళ్లూ ఒకే వీధిలో ఎదురుపడి మాట్లాడుకుంటారు. అయితే ఆ వార్తలో రాబోయే అతిథుల గురించి, హోటళ్ల గురించి, పర్యాటకం గురించి చాలా ఉంది. ఊరివాళ్లు సినిమాలు ఎలా చూస్తారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకే రాస్తున్నాను.

అంత చిన్న ఊరికి ఇదంతా ఎందుకని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అమెరికాలోని కొలరాడోలో, దాదాపు 8,750 అడుగుల ఎత్తున ఉన్న టెల్యురైడ్‌లో 1974 నుంచి ఫెస్టివల్ నడుస్తోంది. ఆ ఊరి జనాభా రెండున్నర వేల పైచిలుకు, అంతే. అక్కడ పోటీలు లేవు, ఏ సినిమాలు వేస్తారో దాదాపు ముందురోజు దాకా చెప్పరు. అయినా జనం వస్తారు. వాటన్నిటికన్నా నాకు నచ్చేది అక్కడి పార్కులో రాత్రిపూట ఆరుబయట వేసే ఉచిత ఆట. పాస్ లేకపోయినా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మన దేశంలో ధర్మశాలలో 2012లో మొదలైన ఫెస్టివల్ కూడా పోటీల జోలికి పోకుండానే నిలదొక్కుకుంది.

మితిమీరి పెరిగితే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాలోనే సన్‌డాన్స్ అనే ఫిలిం ఫెస్టివల్ 1981లో యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అనే కొండ ఊరికి వచ్చింది. పేరుతోపాటు రద్దీ, గదుల అద్దెలు పెరుగుతూ పోయాయి. 2027 నుంచి దాన్ని బౌల్డర్ నగరానికి తరలిస్తున్నట్టు 2025లో ప్రకటించారు. ఊరికి పట్టనంతగా పెరగడం అందుకు ఒక కారణం. కాబట్టి ఎంతమందిని రానివ్వాలో మొదటి ఏడాదే ఒక లెక్క పెట్టుకోవడం మంచిది. టూరిస్టు సీజన్‌లో అసలే నీళ్లకూ పార్కింగ్‌కూ ఇబ్బంది ఉండే చోట, అదే సీజన్‌లో ఫెస్టివల్ పెట్టకూడదు.

ఇక పాస్‌లు. ఆన్‌లైన్‌లో పెట్టగానే దూరాన ఉన్న సినిమా ప్రియులు కొనేసుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఫెస్టివల్ రోజుల్లో గదులు శుభ్రం చేసేవాళ్లు, వంట చేసేవాళ్లు, ట్యాక్సీలు నడిపేవాళ్లు విషయం తెలుసుకునేసరికి అంతా హౌస్‌ఫుల్. ప్రతి షోలో కొన్ని సీట్లు వాళ్ల కోసం పక్కన పెట్టి, ఊళ్లోనే కౌంటర్ తెరిచి ఇవ్వాలి. ఆట మొదలయ్యేముందు ఖాళీగా మిగిలితే అప్పుడు ఎవరికైనా ఇవ్వొచ్చు. చివరి బస్సు వెళ్లిపోయాక వేసే మంచి సినిమా పక్క పల్లెల వాళ్లకు లేనట్టే కాబట్టి, పగటి ఆటలూ ఉండాలి.

భాష విషయంలో నాకు ఇంకా పట్టుదల ఉంది. ఇరాన్ సినిమాకో కొరియా సినిమాకో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేసి ఊరుకుంటారు. ఇంగ్లిష్ వేగంగా చదవలేనివాళ్లు పావుగంటలో లేచి వెళ్లిపోతే, వాళ్లకు అలాంటి సినిమాలు ఎక్కవని తేల్చేస్తారు. అది అన్యాయం. సబ్‌టైటిల్స్‌ను విడిగా తెర కింద వేసే పద్ధతి ఫెస్టివల్స్‌లో ఎప్పటినుంచో ఉంది. కనీసం రెండు మూడు సినిమాలకైనా స్థానిక భాషలో రాయించలేరా? అక్కడి టీచర్లు, కాలేజీ విద్యార్థులు కాస్త శిక్షణ ఇస్తే ఈ పని చేయగలరు.

అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్, సౌండ్ సిస్టం పండుగ అయిపోగానే లారీ ఎక్కి వెళ్లిపోతాయి. మిగతా ఏడాదంతా ఊళ్లో తెర ఉండదు. ఏటా అద్దెకు పోసే డబ్బులో కొంత దాచి, ఉన్న కమ్యూనిటీ హాలునో స్కూలు ఆడిటోరియాన్నో బాగుచేసి సొంత ప్రొజెక్టర్ పెట్టాలి. దాన్ని నడపడం ఆ ఊరి కుర్రాళ్లకూ అమ్మాయిలకూ నేర్పాలి. డిజిటల్ సినిమా హార్డ్‌డిస్క్‌లోనో ఆన్‌లైన్‌లోనో వస్తుంది. చాలాసార్లు దాన్ని తెరిచే కీ ఫైల్ వేరుగా వస్తుంది, అది ఫలానా యంత్రంలో, ఫలానా తేదీల్లోనే పనిచేస్తుంది. కరెంటు పోతే మళ్లీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో కూడా తెలిసుండాలి. ఇదంతా నేర్చిన మనుషులు ఊళ్లోనే ఉంటే నెలకో సినిమా వేసుకోవచ్చు. కెనడాలోని బాన్ఫ్‌లో 1976లో మొదలైన పర్వత చిత్రోత్సవం తన సినిమాలను ఏటా దేశదేశాలకు తిప్పుతుంది. ఇక్కడ కనీసం కొండ మీద ఇంకా పైనున్న ఊళ్లకు తీసుకెళ్లినా చాలు.

తొలి ఏడాదే అన్నీ కుదరవని నాకు తెలుసు. ఊరివాళ్లకు సీట్లు, స్థానిక భాషలో సబ్‌టైటిల్స్ మాత్రం ఈసారే మొదలుపెట్టాలని నిర్వాహకులను కోరుతున్నాను. వాళ్లు దీనికి ఏమంటారో కనుక్కుని మీ పత్రికలో రాస్తే ఇంకా సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు