బార్ల సంఖ్య చూసి ఎస్ప్రెసో యంత్రం కొనకండి

సంపాదకులు గారికి,

నమస్కారములు. పండుగ తగ్గింపుల కాలం మొదలైందంటే దినపత్రికల్లో వచ్చే గృహోపకరణాల ప్రకటనల్లో మిక్సీలు, ఎయిర్ ఫ్రయర్ల సరసన ఇప్పుడు ఇంటి ఎస్ప్రెసో యంత్రాలు, అంటే వేడి నీటిని ఒత్తిడితో కాఫీ పొడి గుండా దించే యంత్రాలు కూడా కనిపిస్తున్నాయి. దాదాపు ప్రతి యంత్రం పక్కనా దాని ఒత్తిడి 15 బార్లనో 20 బార్లనో పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. 20 బార్ల యంత్రం 15 బార్ల యంత్రం కంటే మేలైనదని కొనేవారు అనుకోవడం సహజం. దుకాణంలో అమ్మేవారు కూడా అదే చెబుతున్నారు. ఉద్యోగ జీవితమంతా పారిశ్రామిక బాయిలర్ల దగ్గర ప్రెషర్ గేజీలు చూస్తూ గడిపి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ సంఖ్యను అలా ఎర వేయడం బాధ కలిగిస్తోంది. ఇంటికి ఎస్ప్రెసో యంత్రం కొనదలిచిన వారు ఆ సంఖ్యను పక్కన పెట్టి వేటిని చూడాలో మీ పాఠకులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఒక బార్ అంటే సుమారుగా పది మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం అడుగున ఉండే ఒత్తిడి. ఎస్ప్రెసోకు అలాంటివి 9 బార్లు చాలు. మెత్తగా విసిరిన 18 గ్రాముల పొడి గుండా 90 నుంచి 96 డిగ్రీల వేడి నీరు ఆ ఒత్తిడితో 25 నుంచి 30 సెకన్లలో దిగితే సుమారు 36 గ్రాముల చిక్కటి కాఫీ వస్తుంది. గింజను బట్టి, తాగేవారి రుచిని బట్టి ఈ కొలతలు కొంత అటూ ఇటూ అవుతాయి గాని ఒత్తిడిని రెట్టింపు చేస్తే రుచి రెట్టింపు కాదు. ఒత్తిడి మరీ ఎక్కువైతే పొడి గట్టిగా అణిగిపోయి, నీరు అంతటా సమంగా దిగక ఏదో ఒక పక్క దారి చేసుకుంటుంది. అప్పుడు అదే కప్పులో పులుపూ చేదూ రెండూ చేరతాయి.

పంపు లేకుండా ఆవిరితోనే నడిచే చవక యంత్రాల చిక్కు వేరు. మూసిన పాత్రలో ఆవిరి ఒత్తిడి పెరగాలంటే దాని ఉష్ణోగ్రత కూడా పెరగక తప్పదు. గేజీ మీద 9 బార్లు చూపాలంటే ఆవిరి దాదాపు 180 డిగ్రీల వద్ద ఉండాలి. ఆ వేడికి కాఫీ పొడి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇటలీలో లుయిజీ బెజ్జెరా 1901లో పేటెంటు పొందిన యంత్రం ఆవిరి మీదే ఆధారపడింది కనుక ఒకటి రెండు బార్లను దాటలేకపోయింది. ఆకిల్లె గాజ్జా 1938లో పేటెంటుకు దరఖాస్తు చేసి, యుద్ధం ముగిశాక స్ప్రింగుతో పనిచేసే పిస్టన్‌ను వాడుకలోకి తెచ్చిన తర్వాతే ఒత్తిడికీ వేడికీ ఉన్న ముడి విడిపోయింది. 1961లో ఫేమా సంస్థ ఇ61 యంత్రంతో ఆ పనిని విద్యుత్ పంపుకు అప్పగించింది. కాబట్టి పంపు గాని పిస్టన్ గాని లేని యంత్రం పెట్టె మీద ఎస్ప్రెసో అని రాసి ఉన్నా అందులోంచి వచ్చేది ఘాటైన కాఫీ మాత్రమే, ఎస్ప్రెసో కాదు.

ఇక పంపు ఉన్న యంత్రాల మీద వేసే 15, 20 బార్ల సంగతి. అది నీరు ప్రవహించే దారి దాదాపు మూసుకుపోయినప్పుడు ఆ చిన్న కంపన పంపు తేగల గరిష్ఠ ఒత్తిడి. కాఫీ దిగుతున్నప్పుడు పొడి మీద పడే ఒత్తిడి కాదు. శ్రద్ధగా తయారుచేసిన యంత్రాల్లో అదనపు ఒత్తిడిని వదిలిపెట్టే వాల్వు ఒకటి ఉండి దాన్ని 9 బార్ల దరిదాపులకు తెస్తుంది. ఆ వాల్వు ఉందా, దాన్ని ఎంతకు అమర్చారు అనే వివరం ప్రకటనల్లో వెతికినా కనిపించదు. కొనేవారికి అక్కరకు వచ్చే అంకె అదే మరి!

దీనికంటే ముఖ్యమైన ప్రశ్న యంత్రంతో ఇచ్చే, కాఫీ పొడి వేసే జల్లెడ గిన్నె గురించి. ఇవి రెండు రకాలు. ఒకదానికి అడుగంతా సన్నని రంధ్రాలుంటాయి. రెండోదానికి రెండు అడుగులుండి, బయటి అడుగుకు సూదిమొనంత రంధ్రం ఒక్కటే ఉంటుంది. ఈ రెండో రకంలో ఒత్తిడిని పుట్టించేది పొడి కాదు, ఆ రంధ్రం. అందులో నెలల నాటి పొడి వేసినా, బరకగా ఉన్నది వేసినా పైన దండిగా నురగ వస్తుంది. తాజాగా వేయించిన గింజల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్ కాఫీ నూనెలతో కలిసి కట్టే తేనెరంగు నురగకూ దీనికీ చూపులో పోలిక ఉంటుంది గాని రుచిలో ఉండదు. అలాగని అది మోసమని నేననడం లేదు. గ్రైండర్ కొనే ఉద్దేశం లేక, బజారులో దొరికే పొడితోనే సరిపెట్టుకునే ఇంటికి అదే సరైన జల్లెడ. కాని ఏది ఇస్తున్నారో చెప్పి అమ్మాలి. రెండు రకాలూ ఇచ్చే యంత్రమైతే తర్వాత గ్రైండర్ కొన్నా యంత్రాన్ని మార్చుకోనక్కరలేదు. జల్లెడ వ్యాసం 58 మిల్లీమీటర్లయితే విడి భాగాలు విరివిగా దొరుకుతాయి. 51, 54 మిల్లీమీటర్లవి కూడా బాగానే పనిచేస్తాయి గాని వాటి భాగాల కోసం కొంత వెతకాలి.

గ్రైండర్ మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎస్ప్రెసోకు కేటాయించిన డబ్బులో కనీసం మూడో వంతు గ్రైండర్‌కు పెట్టలేనివారు యంత్రం ఆలోచన వాయిదా వేసుకోవడమే మంచిది. మిక్సీలో, బ్లేడుతో తిరిగే చిన్న గ్రైండర్లలో గింజ తెగుతుందే గాని నలగదు. కొంత పిండి అవుతుంది, కొంత రవ్వగా మిగులుతుంది. రవ్వ చుట్టూ నీరు పరుగెత్తుతుంది, పిండి దగ్గర ఆగిపోతుంది. రెండు పళ్ల చక్రాల మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్లలోనే పొడి సమంగా వస్తుంది. అందులోనూ మెత్తదనాన్ని చాలా చిన్న మెట్లలో మార్చుకునే వీలుండాలి, ఎందుకంటే కాఫీ 15 సెకన్లకే దిగిపోతోందా, 45 సెకన్లయినా దిగడం లేదా అన్నదాన్ని ప్రధానంగా సరిచేసేది ఆ మెట్టే. రోజుకు రెండు కప్పులు తాగే ఇంటికి చేత్తో తిప్పే మంచి గ్రైండర్ సరిపోతుంది; అదే ధరకు వచ్చే విద్యుత్ గ్రైండర్ కంటే చాలాసార్లు అదే మెరుగ్గా విసురుతుంది. గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న తూకం కూడా పక్కన ఉండాలి.

మన ఇళ్లలో డికాక్షన్ కోసం తెచ్చుకునే చికోరీ కలిపిన పొడిని ఈ యంత్రాల్లో వేయకూడదు. చికోరీ నీటిలో కాఫీ కంటే ఎక్కువగా కరిగి జిగురుగా మారి జల్లెడను పట్టేస్తుంది. ఫిల్టరులో నెమ్మదిగా దిగే డికాక్షన్‌కు చిక్కదనాన్నిచ్చే ఆ గుణమే ఇక్కడ అడ్డమవుతుంది.

విశాఖలో ఉండేవారు నీటి గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. అపార్ట్‌మెంట్లలో బోరు నీరు వాడేచోట గీజరులో, నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి గార కట్టడం అందరూ చూసేదే. ఎస్ప్రెసో యంత్రం లోపల నీరు వెళ్లే దారులు సన్ననివి కాబట్టి అదే గార అక్కడ ఇంకా త్వరగా చేటు చేస్తుంది. బాయిలర్ మనిషిగా చెబుతున్నాను, వేడిచేసే లోహం మీద పేరుకునే పొర పలుచనిదైనా వేడిని అడ్డుకుని చివరకు హీటింగ్ ఎలిమెంటును కాల్చేస్తుంది. అలాగని లవణాలు పూర్తిగా తీసేసిన ఆర్‌ఓ నీరు పోస్తే కాఫీ చప్పబడుతుంది. పైగా నీటి మట్టాన్ని విద్యుత్ వాహకత ద్వారా గుర్తించే పెద్ద యంత్రాల్లో ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నట్టు చూపే ఇబ్బంది ఉంది. ఆర్‌ఓ నీటిలో కొంత మునిసిపల్ కుళాయి నీటిని వడగట్టి కలిపితే మధ్యేమార్గం. గార తీయడానికి తయారీదారు సూచించిన ద్రావణం గాని, వారు అనుమతిస్తే నిమ్మ ఉప్పు కలిపిన నీరు గాని నడిపించి, తర్వాత మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో యంత్రం కింద కారిన నీటిని పట్టే పళ్లెంలో నీరు నిలవ ఉంచకూడదు, గింజలను గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

మన ఊళ్లో ఎందరి పిల్లలో అమెరికాలో ఉన్నారు కనుక ఇంకో మాట. అక్కడి నుంచి ప్రేమగా తెచ్చే యంత్రాలు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లకు తయారైనవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే హీటింగ్ ఎలిమెంటు మీద మూడున్నర రెట్లకు మించిన శక్తి పడి క్షణాల్లో పాడవుతుంది. 1500 వాట్లను మోసే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది కాదు, చవక కాదు. పైగా అది వోల్టేజీని మారుస్తుందే గాని 60 హెర్ట్జ్‌లను 50 చేయదు, ఆ చిన్న పంపు కొట్టుకునే వేగం మాత్రం హెర్ట్జ్‌ల మీదే ఆధారపడుతుంది. అక్కడి గ్రైండర్‌కు చేత్తో తిప్పే పిడి ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. ఇక్కడ కొన్న యంత్రాలకు కూడా చాలావాటికి 16 ఆంపియర్ల ప్లగ్గే శ్రేయస్కరం. 1450 వాట్ల యంత్రం 6 ఆంపియర్లకు మించి తీసుకుంటుంది.

పాలు కలిపిన కాఫీయే తాగే కుటుంబాలు, అంటే మనలో అత్యధికులు, కొనేముందు ఒకసారి తమ ఉదయపు రద్దీని తలుచుకోవాలి. ఒకే బాయిలరున్న యంత్రంలో కాఫీ దించాక పాలు కాచే ఆవిరి కోసం వేడి పెరిగేవరకు ఆగాలి, తర్వాతి కప్పుకు మళ్లీ చల్లబరచాలి. థర్మోబ్లాక్ (నీరు తన గుండా పారేటప్పుడే వేడిచేసే లోహపు దిమ్మె) ఉన్నవి త్వరగా వేడెక్కుతాయి గాని ఆవిరి కాస్త పలచన. రెండు బాయిలర్లున్నవి ఈ చిక్కును తీరుస్తాయి, కాని వాటి ధర ఆ సౌకర్యానికి తగ్గట్టే ఉంటుంది. నలుగురు బంధువులు వచ్చి కూర్చుంటే స్టీలు ఫిల్టరులో దిగిన డికాక్షన్ అందరికీ ఒకేసారి అందుతుంది. యంత్రం దగ్గర నిలబడినవారు మాత్రం కబుర్లకు దూరమవుతారు. అలాంటి ఇంటికి నేను యంత్రాన్ని సిఫారసు చేయను. ఘాటు కావాలంటే 1933లో ఇటలీలో పుట్టిన, పొయ్యి మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే మోకా పాత్ర చాలు. దాని ఒత్తిడి ఒకటి రెండు బార్లే అయినా పాలకు నిలబడే కాఫీ ఇస్తుంది. అల్యూమినియం మోకా పాత్ర ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు, ఆ పొయ్యి ఉన్నవారు దానికి పనికివచ్చే స్టీలుదే కొనాలి. నీటిని భద్రతా వాల్వు కిందివరకే పోయాలి, ఆ వాల్వును ఏ కారణం చేతనూ మూయకూడదు. చికోరీ పొడి, పిండిలా మెత్తని పొడి ఇందులోనూ పనికిరావు.

యంత్రం ఏదైనా గింజ పాతదైతే ఫలితం లేదు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా పండే కొండలు మనకు దగ్గరలోనే ఉన్నాయి, ఆ కాఫీని గిరిజన రైతుల నుంచి కొనే గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. వేయించిన వారం పది రోజుల తర్వాత మొదలుపెట్టి ఒక నెలలోపు వాడితే ఎస్ప్రెసోకు అది చక్కగా అమరుతుంది. ఆరంభ స్థాయి యంత్రాలకు లేతగా వేయించినది పులుపు చూపిస్తుంది కాబట్టి మధ్యస్థంగానో, అంతకు కాస్త ముదురుగానో వేయించినది అడగాలి. నురగ దండిగా కావాలనుకునేవారు కొడగు, వయనాడు రోబస్టా రకం గింజలు కొద్దిగా కలుపుకోవచ్చు. అరకు కాఫీ అమ్మే సంస్థలన్నీ పొట్లం మీద ప్యాకింగ్ తేదీతో ఆగకుండా గింజను వేయించిన తేదీని కూడా ముద్రించాలని, పొడితో పాటు గింజలను పావు కిలో పొట్లాల్లో అందుబాటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మరమ్మతు సంగతి చివరకు మిగిలింది గాని కొనేటప్పుడు ముందు అడగవలసింది దాన్నే. రబ్బరు గ్యాస్కెట్ కాలక్రమాన గట్టిపడి కారుతుంది, పంపు అరుగుతుంది. ఇవి యంత్రం లోపాలు కావు, మామూలు అరుగుదల. ఆ భాగాలు విశాఖలో దొరుకుతాయా, లేక యంత్రాన్ని పెట్టెలో పెట్టి హైదరాబాదుకో బెంగళూరుకో పంపాలా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొనేవారికి వారంటీ, వాపసు, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపించాలని 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నగరంలోని దుకాణదారులకు కూడా ఒక విన్నపం. టీవీలను రోజంతా వెలిగించి చూపించే మీరు ఒక్క యంత్రాన్నయినా నీటితో నడుపుతూ ఉంచి, కొనడానికి వచ్చినవారు తమ ఇంటి పొడిని తెచ్చుకుంటే అందులో వేసి చూపించండి. వాల్వు ఎన్ని బార్లకు అమర్చి ఉందో, జల్లెడ ఏ రకమో ధర చీటీ మీదే రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం