మంత్రి గారూ, నలభై రిమోట్లు బీరువాలోనే ఉన్నాయి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. క్విజ్‌ల కోసం మా బడికి నలభై క్లిక్కర్లు, అంటే పిల్లలు బటన్ నొక్కి జవాబు చెప్పే చిన్న రిమోట్లు, ఇచ్చారు. నాలుగు నెలలు వాడాక పాడై, ఏడాదిగా బీరువాలో పడి ఉన్నాయి. మూడు అర్జీలు పెట్టాను. పని జరగలేదు కాబట్టి మీకే రాస్తున్నాను.

క్లాసులో ప్రశ్న అడిగితే ఎప్పుడూ ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతావాళ్లు తల దించుకుంటారు. తప్పు చెప్తే నవ్వుతారని భయం. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకైతే తెలుగు తడబడుతుందని ఇంకో భయం. రిమోట్‌లో ఎవరేం నొక్కారో పక్కవాళ్లకు తెలియదు. అందుకే అందరూ నొక్కారు.

ఒకరోజు తొమ్మిదో తరగతిని అడిగాను: "పెద్ద తోతాపురి కాయ, చిన్న నిమ్మకాయ మేడ మీది నుంచి ఒకేసారి వదిలితే ఏది ముందు పడుతుంది?" సగానికి పైగా మామిడికాయ అన్నారు. నేను జవాబు చెప్పలేదు. పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ నొక్కమన్నాను. ఎంత గోల చేశారో! అంతవరకు నా క్లాసులో నోరు విప్పని అమ్మాయి తమిళం, తెలుగు కలిపి ముగ్గురితో వాదించింది. తర్వాత అందరం మేడెక్కి వదిలి చూశాం. రెండూ దాదాపు ఒకేసారి పడ్డాయి. ఇలా పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ జవాబు చెప్పించే పద్ధతిని అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991లో మొదలుపెట్టారు. మా ఊరి పిల్లలకూ అది పనికొచ్చింది సార్, కళ్లారా చూశాను.

నాలుగు నెలలే ఆ సంతోషం. పిల్లలు నొక్కింది అందుకోవడానికి తరగతి గదిలోని ప్యానెల్‌కు (పెద్ద డిజిటల్ తెరకు) గుచ్చే బొటనవేలంత రిసీవర్ పాడైంది. అది లేకపోతే నలభై రిమోట్లూ ఉత్త ప్లాస్టిక్. ఆఫీసులో అడిగితే కంపెనీని అడగమన్నారు. కంపెనీవాళ్లు ఆఫీసు నుంచి లెటర్ రావాలన్నారు. లెటర్ కోసం వెళ్తే ఫైలు పైకి పంపామన్నారు. తిరుపతిలో నాలుగు షాపులు తిరిగాను. వేరే రిసీవర్ ఈ రిమోట్లకు కలవదట. అర్జీ పెడితే పది రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. బడికి ఎవరూ రాలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే మెసేజ్. మూడోసారి ఫోన్ చేసి, పిల్లలు రిమోట్లు వాడుతున్నట్టు ఒక ఫొటో పంపమన్నారు. పనిచేయని రిమోట్లు పిల్లల చేతికిచ్చి నేనెలా ఫొటో తీయాలి? పంపలేదు.

చేతులు కట్టుకుని కూర్చోలేదు సార్. ప్లిక్కర్స్ కార్డులు సొంత డబ్బుతో అచ్చు వేయించాను. కాగితాన్ని జవాబును బట్టి నాలుగు వైపుల్లో ఒక వైపుకు తిప్పి పట్టుకుంటే నా ఫోన్ కెమెరా చదువుతుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ మా గదుల్లో నెట్ సరిగ్గా రాదు. పిల్లలు కార్డులు పట్టుకుని ఎదురుచూస్తుంటే నేను ఫోన్ పట్టుకుని వరండాలోకి పరిగెత్తాలి. తిరిగొచ్చేలోపు సగం మంది పక్కవాళ్ల కార్డు చూసి తమది తిప్పేసుకుంటారు.

దయచేసి ఆ రిసీవర్ ఇప్పించండి. ఇంకొకటి అదనంగా ఇస్తే మరీ మంచిది. ఇలాంటివి పాడైతే వచ్చి చూసే మనిషి మండలానికి ఒక్కరైనా ఉండాలి. తరగతి గదిలోకి నెట్ రావాలి. ఇంకో మాట, ఈ క్విజ్‌ల మార్కులు ప్రతి వారం అప్‌లోడ్ చేయమని అడగకుండా చూడండి. మార్కులని తెలిసిన రోజే పిల్లలు మళ్లీ భయపడి, చదివే పిల్లాడు ఏది నొక్కాడో తొంగి చూడటం మొదలుపెట్టారు. రిసీవర్ మాత్రం మర్చిపోకండి సార్. వచ్చే నెల పదో తరగతికి కాంతి పాఠం మొదలుపెడుతున్నాను, ఆలోపు ఇప్పించండి.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
చిత్తూరు జిల్లా