గాలం బృందం వార్షిక నివేదిక: వెట్ ఫ్లైలతో ఒక ఏడాది

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు మా బృందానికి మంజూరు చేసిన సొమ్ముకు లెక్క చెప్పవలసిన వేళ వచ్చింది. ముందే ఒప్పుకుంటున్నాను, చేపలు తక్కువే పడ్డాయి. సొమ్ములో ఎక్కువ భాగం ఈకలకూ పట్టుదారానికీ పోయింది. ఈ ఏడాదంతా పాతకాలపు వెట్ ఫ్లైలు తప్ప మరొకటి ముట్టకూడదని పట్టుబట్టిన ఫలితమిది.

కొత్త సభ్యుల కోసం నాలుగు మాటలు. కొక్కేనికి దారం, బొచ్చు, ఈక చుట్టి పురుగులా తయారుచేసే ఎరను ఫ్లై అంటారు. నీటిపై తేలేది డ్రై ఫ్లై, మునిగి సాగేది వెట్ ఫ్లై. మనం స్థిరపడిన ఈ పెన్సిల్వేనియా వాగుల్లో ఒకప్పుడు రెండోదానిదే రాజ్యం. ఇక్కడి సొంత చేప బ్రూక్ ట్రౌట్ ఎరుపు తెలుపు రెక్కల పార్మాషీన్ బెల్ లాంటి ఆడంబరపు ఫ్లైలకు కూడా ఎగబడేది. అడవులు నరికాక వాగులు వేడెక్కి ఆ చేప తగ్గిపోయింది. 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అమెరికాకు వచ్చిన బ్రౌన్ ట్రౌట్ చాలాచోట్ల దాని స్థానం ఆక్రమించింది. అది అనుమానపు చేప, రంగులు చూసి మోసపోదు. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ డ్రై ఫ్లైని శాస్త్రంగా మార్చాడు. 1890లో ఆయన పంపిన నమూనాలు న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్లైలు కట్టే థియొడర్ గోర్డన్‌కు అందాయి. అక్కడినుంచి వెట్ ఫ్లై చేతకానివారి సరుకైపోయింది. ఇందులో చేపల తీర్పు కంటే మనుషుల డాబే ఎక్కువని నా అభిప్రాయం. ట్రౌట్ తినేది ఎక్కువగా నీటి లోపలే కదా!

వెట్ ఫ్లైని మళ్లీ నిలబెట్టిన వారిలో ఒకరు మన ఆలెన్‌టౌన్ మనిషే కావడం మాకు గర్వకారణం. జేమ్స్ లైసెన్‌రింగ్ ఫ్లైని చేప ఉన్నచోటి దాకా వాలుకు వదిలి, సరిగ్గా దాని ముందుకు రాగానే గాలపు కర్రను మెల్లగా ఎత్తేవాడు. పురుగు పొర విప్పుకొని పైకి లేస్తున్నట్టు ఉండేది. 1941లో వెట్ ఫ్లైలు కట్టడంపై ఆయన పుస్తకం వచ్చింది, డిసెంబరులో దేశం యుద్ధంలో దిగింది. ఇక ఈకల గొడవ ఎవరికి పడుతుంది? 1971లో శిష్యుడు పీట్ హైడీ అదనపు అధ్యాయాలతో దాన్ని మళ్లీ తెచ్చాక, 1975లో సిల్వెస్టర్ నీమ్స్ మెత్తని ఈకల ఫ్లైల గురించి రాశాక జనం ఇటు తిరిగారు.

మార్చిలో పెట్టిన ఫ్లైలు కట్టే తరగతి గురించి చెప్పి తీరాలి. లైసెన్‌రింగ్ పద్ధతిలో ఫ్లై ఒంటి కోసం మైనం పట్టించిన రెండు పట్టుపోగుల మధ్య కుందేలు చెవి బొచ్చు పరిచి, ప్యాంటు మీద అరచేత్తో దొర్లించి పేనాలి. మా ఇంజినీర్లు గంటసేపు తంటాలు పడ్డారు. ఒక సభ్యుడితో వచ్చిన ఆయన తల్లిగారు కాసేపు చూసి, "విభూతి బదులు మైనమా నాయనా? ఇది వత్తి చేయడమేగా" అని మోకాలి మీద ఒక్క ఊపులో పేనేశారు. సన్నగా, సమంగా, బొచ్చు చివరలు మాత్రం బయటికి నిక్కి ఉన్నాయి. ఏటా కార్తీకానికి మూడువందల అరవై అయిదు వత్తులు చేసే చేతులవి. ఆమె శాకాహారి. చేపను వదిలేస్తామని మాట తీసుకున్నాకే మరో పది పేనారు.

మాట నిలబెట్టుకున్నాం. మే నెలలో లిటిల్ లీహై వాగులో, పట్టినదాన్ని వదిలేయాల్సిన భాగంలోనే దిగాం. కోనసీమ కాలువల్లో వానపాములతో పెరిగిన మా పెద్దాయన "బెండు లేకపోతే చేప తగిలిందని ఎలా తెలుస్తుంది?" అని విసుక్కుంటూనే కర్ర ఎత్తారు. చేతికి చిన్న కుదుపు. ఆమె పేనిన ఫ్లైకే జానెడు బ్రౌన్ ట్రౌట్! వదిలేటప్పుడు ఆయన ముఖంలో పులుసు కనిపించింది.

ఖర్చుల్లో ఒక మచ్చ ఉంది. ఆన్‌లైన్‌లో పార్ట్రిడ్జ్ (కౌజు పిట్ట) ఈకలు తెప్పిస్తే ఒక దుకాణం రంగు వేసిన కోడి ఈకలు పంపింది. డబ్బు వెనక్కి రాలేదు. ఆ నష్టాన్ని సంఘం మీద వేయకుండా కార్యవర్గమే భరించింది.

వచ్చే మార్చిలో మళ్లీ తరగతి పెడుతున్నాం. పాత ప్యాంట్లు వేసుకుని రండి, మైనం మరక వదలదు.