ట్వీటర్లకి ఫ్యూజ్ పెట్టావా మామా?

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్? చవితి పందిరికి ఈసారి నీ బాక్సులే పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పోయినేడు మా వీధి పందిట్లో నా ట్వీటర్లు, అదే బాక్సుల్లో సన్నని స్వరాలు పలికించే చిన్న స్పీకర్లు, రెండూ ఒకే రాత్రి కాలిపోయాయి కదా, నీకు అలా కాకూడదనే ఇంత రాస్తున్నా.

ఆంప్లిఫయర్ చిన్నది, బాక్సులు పెద్దవి, ఏం కాదులే అనుకున్నాను. ముప్పు అక్కడే ఉంది. చిన్న ఆంప్లిఫయర్‌ని దాని తాహతుకు మించి పెంచితే సిగ్నల్ కొసలు కోసేసినట్టు చదునైపోయి, పాటలో లేని కీచు ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి, బాక్సులో సన్నని స్వరాల్ని, లావు స్వరాల్ని విడదీసే క్రాస్ఓవర్ వాటిని తిన్నగా ట్వీటర్‌కే పంపుతుంది. వెంట్రుకంత తీగ చుట్టిన కాయిల్ అది, ఎంత వేడని ఓర్చుకుంటుంది? తెల్లారేసరికి సన్నాయి ఎక్కడో గోడ అవతల వాయిస్తున్నట్టుంది, తాళాలైతే అసలు లేవు. మీటర్ పెడితే రెండు కాయిల్సూ ఓపెన్, అంటే తీగ తెగిపోయింది. ఏడుపొచ్చింది రా.

అందుకే ప్రతి ట్వీటర్‌కీ విడిగా ఒక గాజు ఫ్యూజ్ పెట్టు, క్రాస్ఓవర్ దాటాక, ట్వీటర్‌కి వెళ్లే తీగలో సిరీస్‌లో. బాక్సు మొత్తానికి ఒకటే పెడితే లాభం లేదు, లావు స్వరాలు పలికించే పెద్ద స్పీకర్, అదే వూఫర్‌కి సరిపడే ఫ్యూజ్ పోయేలోపు ట్వీటర్ ఎప్పుడో పోతుంది. కరెంటుని కరెంటుతోనే గుణించి, దాన్ని ఓమ్స్‌తో గుణిస్తే వాట్లు వస్తాయి. 8 ఓమ్స్ ట్వీటర్‌కి 0.5 ఆంపియర్ అంటే 2 వాట్లు, 0.75 అంటే 4.5, 1 అంటే 8. డబ్బా మీద వేసిన పెద్ద వాట్ల అంకె చూసి మోసపోకు, కాయిల్ గంటల తరబడి మోయగలిగేది అందులో చిన్న వంతే. 0.5తో మొదలుపెట్టి, మామూలు వాల్యూమ్‌కే పోతుంటే 0.75కి వెళ్లు. ఫాస్ట్ రకమే అడుగు, ఆలస్యంగా కరిగే స్లో బ్లో ఇస్తే వద్దను.

మైక్ ఒక్కసారిగా గట్టిగా కూతపెడితే ఫ్యూజ్ కరిగేలోపే కాయిల్ పోవచ్చు, అది నిజమే. కానీ రాత్రంతా మోగే పందిట్లో ఎక్కువగా చంపేది మెల్లగా ఉడికించే వేడి, దానికి ఫ్యూజ్ బాగా పనిచేస్తుంది.

హోల్డర్ బాక్సు వెనక బయటికే బిగించు, విడి ఫ్యూజులు ఓ పది అక్కడే టేప్ వేసి అంటించు. లేకపోతే అర్ధరాత్రి మన కుర్రాళ్లు పోయిన ఫ్యూజ్‌కి సిగరెట్ రేకు చుట్టేసి మళ్లీ వాల్యూమ్ పెంచేస్తారు, వాళ్లకి ముందే గట్టిగా చెప్పు.

నీ ట్వీటర్ ఎన్ని ఓమ్సో విప్పి చూసి ఫోన్ చెయ్. ఆదివారం పొద్దున్నే వస్తా, సోల్డరింగ్ ఐరన్ నేనే తెస్తా.