నలిగిన సీసా

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. కొండ దిగి వచ్చాకే జవాబు రాద్దామని ఆగాను. ఈసారి ఎక్కేశాను! 4,000 మీటర్ల ఎత్తున నిలబడి నిన్ను తలచుకున్నాను. మోకాళ్లు ఇంకా మెట్లు దిగనివ్వడం లేదు కానీ చేతులు బాగానే ఉన్నాయి, కాబట్టి తీరికగా చదువు.

తెల్లవారుజామున మూడున్నరకు, 2,600 మీటర్ల దగ్గర నడక మొదలుపెట్టాం, నేనూ తమ్ముడూ. తలకు కట్టుకున్న టార్చి వెలుగులో వాడి మడమలు తప్ప మరేమీ కనిపించలేదు. అంత పెందలాడే ఎందుకంటావేమో. ఎండ ముదిరేకొద్దీ కొండవాలు వేడెక్కి తేమగాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి అదే ఉరుముల మేఘమవుతుంది. చెట్లు ఆగిపోయిన చోటు దాటాక, ఆ బోడి రాళ్ల మీద అన్నిటికన్నా ఎత్తుగా నిలబడి పిడుగుకు దొరికేది మనిషే.

నిరుడు మేం వెనక్కి వచ్చేశామని నీకు రాశాను, ఎందుకో రాయలేదు. శిఖరం ఇంకా 150 మీటర్లు ఉందనగా పన్నెండు అయింది. తమ్ముడికి తలనొప్పి, వికారం. పన్నెండుకు ఎక్కడున్నా తిరిగిపోవాలని కిందే అనుకున్నాం. "ఇంత దూరం వచ్చాం కదా అన్నయ్యా" అన్నాడు వాడు. నిజం చెబుతున్నాను, నాకూ కాళ్లు వెనక్కి పడలేదు. శిఖరం కళ్లెదుట ఉంటే ఏ మనిషికీ గడియారం కనిపించదు, అందుకే ఆ మాట కింద ఉండగానే అనుకోవాలి. దిగాం. చెట్ల దాకా వచ్చేసరికి వాడి ముఖంలో రంగు తిరిగి వచ్చింది. వాడలా మామూలుగా మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఈసారి ఒక రాత్రి కిందే గడిపి, ఒంటికి ఎత్తు కాస్త అలవాటయ్యాక బయలుదేరాం. నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మా దారి 9 కిలోమీటర్లు, ఎక్కుడు 1,400 మీటర్లు. అంటే నాలుగు గంటల పైచిలుకు. మాకు పట్టింది 7 గంటల 40 నిమిషాలు! ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 60 శాతం చిల్లరే. చివర్లో పది అడుగులు వేయడం, నిలబడి ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ పది అడుగులు.

పైన ఉన్నది ఇరవై నిమిషాలే. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఖాళీ నీళ్లసీసాకు మూత గట్టిగా బిగించి సంచిలో వేశాను. కిందికొచ్చి తీసి చూస్తే ఎవరో పిడికిట్లో నొక్కినట్టు సొట్టలు పడి ఉంది! పైన మూసిన పలచటి గాలిని కింది గాలి నొక్కేసింది. 1648 సెప్టెంబరు 19న ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ బావ పెరియే, గాలి పీడనం చూపే పాదరసపు గొట్టంతో ఫ్రాన్సులోని ప్వీ ద డోమ్ కొండెక్కి, పైకి వెళితే పాదరసం మూడు అంగుళాలకు పైగా దిగిందని చూశాడు. కింద మఠంలో ఉంచిన రెండో గొట్టం మాత్రం రోజంతా కదల్లేదట. అది చదివి పాఠమనుకున్నాను, ఇప్పుడు నా చేతిలోనే ఉంది.

సీసా మూత ఇంకా తీయలేదు. లోపల శిఖరం గాలి ఉంది. నువ్వు వచ్చాక తీద్దాం. ఎప్పుడొస్తావో రాయి.

ప్రేమతో,
నీ నేస్తం